నాలుగు లెన్సుల్లో చేతికి మిగిలింది ఒకటే: నికాన్ డీ3500తో ఐదేళ్లు

మా ఇంట్లో కెమెరా ఉండే చోటు, తలుపు పక్కన తాళాలు పెట్టుకునే అర. బ్యాగులో పెట్టను. లెన్సు మూత కూడా పెట్టను. 35 ఎంఎం లెన్సు ఎప్పుడూ తగిలించే ఉంటుంది. మొదటి రెండేళ్లు కెమెరా బీరువాలో ఉండేది, బీరువాలో ఒక బ్యాగు, ఆ బ్యాగులో ఒక మెత్తటి గుడ్డ. అన్నీ విప్పి బయటికి తీసేసరికి పిల్లి కిటికీ దిగిపోయేది. ఆ రెండేళ్లలో తీసిన ఫోటోలన్నీ పుట్టినరోజులవీ ప్రయాణాలవీ. మామూలు మంగళవారం ఫోటో ఒక్కటీ లేదు.

నేనేమీ ఫోటోగ్రాఫర్‌ని కాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసులో లెక్కలు చూసుకునే మనిషిని. నేను తీసేవి ఇంట్లో జరిగే సంగతులే. మా అత్తగారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి సూదిలో దారం ఎక్కించడం, మా వాడు సోఫా మీంచి దూకడం, వానకి తడిసిన బట్టల తీగ, పిల్లి, మళ్ళీ పిల్లి.

ఈ రివ్యూ రాయడానికి కారణం మా చెల్లెలి కూతురు. కాలేజీలో చేరింది, డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగలిగే కెమెరా) కొంటానంది. "పెద్దమ్మా, ఏది కొనమంటావు?" అని అడిగింది. మోడల్ పేరొకటి చెప్పేస్తే పని అయిపోయేది. చెప్పలేకపోయాను. నేను కొన్న వరుసే తలకిందులు మరి. ముందు బాడీ, అంటే లెన్సు తప్ప మిగతా కెమెరా, చూసి కొన్నాను, ఆ తర్వాత దానికి లెన్సులు వెతుక్కున్నాను. అడ్డంగా దొరికిపోయాను.

ముందు బాడీ సంగతి. నికాన్ డీ3500 2018లో వచ్చింది. కంపెనీ ఇప్పుడు దాన్ని తయారు చేయడం లేదు కాబట్టి కొనేవాళ్ళు సెకండ్ హ్యాండే వెతుక్కోవాలి. 24.2 మెగాపిక్సెల్స్, ఏపీఎస్-సీ సెన్సర్, అంటే పాత ఫిల్మ్ సైజులో ఉండే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కంటే చిన్నది. నికాన్ వాళ్ళు దీన్నే డీఎక్స్ అంటారు. బ్యాటరీ, కార్డు వేశాక 415 గ్రాములు. నేను దీన్ని ఎంచుకున్నది ఆ బరువు చూసే. అదే రోజు డీ7500 కూడా చేతిలోకి తీసుకుని చూశాను. అబ్బో, అదొక వస్తువు. 51 ఫోకస్ పాయింట్లు, సెకనుకు 8 ఫోటోలు, రెండు డయల్స్, కన్ను పెట్టగానే వెలుతురుగా విశాలంగా కనిపించే వ్యూఫైండర్. మనసు అటే లాగింది. కానీ బ్యాటరీతో కలిపి 720 గ్రాములు. మా వాడికి అప్పుడు మూడేళ్లు. వాణ్ణి ఒక చంకన ఎత్తుకుని రెండో చేత్తో కెమెరా పట్టుకోగలనా అని అక్కడే నిలబడి ఊహించుకున్నాను. పట్టుకోలేను. ఆ నిర్ణయం మాత్రం ఈరోజుకీ తప్పనిపించలేదు.

ఈ చిన్న బాడీలో లేనివి చాలా ఉన్నాయి. తెలిసి కొనుక్కుంటే బాధ ఉండదు. స్క్రీన్ కదలదు, టచ్ కాదు. పిల్లిని దాని కంటి ఎత్తులో తీయాలంటే నేల మీద బోర్లా పడుకోవాల్సిందే. మా వారు ఆఫీసు నుంచి వచ్చి హాల్లో నేను పడి ఉండటం చూసి ఒకసారి నిజంగానే కంగారు పడ్డారు. వ్యూఫైండర్ లోపల గాజు పట్టకానికి బదులు అద్దాలు ఉంటాయి కాబట్టి దృశ్యం కాస్త చిన్నగా, మసకగా కనిపిస్తుంది. పైగా ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది. మిగతా 5 శాతంలో ఏముందో ఫోటో వచ్చాకే తెలుస్తుంది. నా అనుభవంలో ఆ 5 శాతంలో ఎప్పుడూ స్విచ్ బోర్డే ఉంటుంది.

ఫోకస్ పాయింట్లు 11. వాటిలో నడిమిది ఒక్కటే క్రాస్ టైపు, అంటే అడ్డ గీతల్నీ నిలువు గీతల్నీ రెండింటినీ పట్టుకోగలిగేది. వెలుతురు తగ్గిన గదిలో దాన్ని నమ్ముకోవడమే మంచిది. నేను ఫోకస్‌ని ఒకే పాయింటుకి మార్చేసి, నడిమి పాయింటుతో కంటి మీద ఫోకస్ చేసి, బటన్ సగం నొక్కి ఉంచి ఫ్రేము సర్దుకుంటాను. కెమెరాకే వదిలేస్తే తరచూ అది దగ్గరగా ఉన్న వస్తువును పట్టుకుంటుంది. అలా ముక్కు స్పష్టంగా ఉండి కళ్ళు మసకబారిన ఫోటోలు నా దగ్గర ఒక ఆల్బమ్‌కి సరిపడా ఉన్నాయి.

వీడియో ముఖ్యమనుకునే వాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు ఇందులో ఆటోఫోకస్ నెమ్మది, ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. బయటి మైకు పెట్టుకునే సాకెట్ కూడా లేదు. బ్యాటరీ విషయంలో మాత్రం దీన్ని ఎంత పొగిడినా తక్కువే. కంపెనీ లెక్క ఒక చార్జికి 1550 ఫోటోలు. చార్జర్ ఎక్కడ పెట్టానో నేను ప్రతిసారీ వెతుక్కుంటాను, అంత అరుదుగా దాని అవసరం పడుతుంది.

ఇక లెన్సులు. గొడవంతా ఇక్కడే.

మొదటిది కెమెరాతో పాటే వచ్చిన 18-55, అంటే 18 నుంచి 55 ఎంఎం దాకా జూమ్ చేసేది. ఎంఎం అంకె పెరిగేకొద్దీ లెన్సు ఇరుకుగా, దగ్గరగా చూపిస్తుంది. కిట్ లెన్సు అనగానే పెదవి విరిచేవాళ్ళు ఉంటారు. పగటి వెలుతురులో దాని ఫోటోలకి వంక పెట్టడం కష్టం. చేతి వణుకును సర్దే వీఆర్ ఉంది, ఫోకస్ చప్పుడు లేకుండా చేస్తుంది, బరువూ లేదు. ఒక చిన్న చికాకు ఏమిటంటే, అది ముడుచుకుని ఉండే రకం. బటన్ నొక్కి బయటికి తిప్పితే తప్ప ఫోటో తీయనివ్వదు. రెండు సెకన్ల పనే. అయితే మూడేళ్ల పిల్లాడు రెండు సెకన్లలో గది దాటేస్తాడు.

అసలు ఇబ్బంది సాయంత్రం మొదలవుతుంది. 55 వైపు జూమ్ చేస్తే ఆ లెన్సు తెరుచుకునేది ఎఫ్/5.6 వరకే, అంటే కొంచెమే. ట్యూబ్ లైటు వెలుతురులో షట్టర్, అంటే వెలుతురును సెన్సర్ మీదికి వదిలే తెర, వేగం సెకనులో 15వ వంతుకి పడిపోయేది. వీఆర్ ఉంది కదా అనుకున్నాను. వీఆర్ నా చెయ్యి వణుకును ఆపుతుంది, వాడి పరుగును ఆపలేదు. గోడ, సోఫా, కర్టెన్ అన్నీ చక్కగా వచ్చి, మధ్యలో మా వాడు పొగలాగా వచ్చేవాడు.

అందరూ 50 ఎంఎం ఎఫ్/1.8 కొనమన్నారు. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కనిపించింది, 50 ఎంఎం ఎఫ్/1.8డీ. అమ్మినాయన "నికాన్ లెన్సు నికాన్ బాడీకి పట్టదా అమ్మా?" అన్నాడు. పట్టింది. టక్కుమని బిగుసుకుంది కూడా. ఇంటికి వచ్చి కన్ను పెడితే వ్యూఫైండర్‌లో ఎఫ్ఈఈ అని మెరుస్తోంది, షట్టర్ పడటం లేదు. కెమెరా పాడైందనే అనుకున్నాను, ఆ రాత్రంతా టెన్షన్. సంగతేమిటంటే ఆ పాత లెన్సు మీద ఎపర్చర్ రింగు (లెన్సు ఎంత తెరుచుకోవాలో మార్చేది) ఉంటుంది, దాన్ని 22 దగ్గరికి తిప్పి లాక్ చేయాలి. చేశాను. షట్టర్ పడింది. ఆటోఫోకస్ మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు.

ఎందుకంటే ఇలాంటి మామూలు ఏఎఫ్ డీ రకం లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు. బాడీలో ఉన్న మోటారే ఒక చిన్న స్క్రూ ద్వారా లెన్సును తిప్పాలి. డీ7200, డీ7500 లాంటి బాడీల్లో ఆ మోటారు ఉంది. డీ3500లో లేదు, డీ5600లోనూ లేదు. వీటికి కొనే నికాన్ లెన్సు పేరులో ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో ఉండాలి. నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్సును బాడీకి బిగించే అమరిక) 1959 నుంచీ ఉంది, కాబట్టి బిగుసుకునే లెన్సులు లెక్కలేనన్ని. బిగుసుకున్నంత మాత్రాన పని చేస్తుందని కాదు. ఈ ఒక్క ముక్క ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కెనాన్‌లో ఈ తలనొప్పి లేదు. 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చినప్పుడే ఫోకస్ మోటారును లెన్సులో పెట్టేశారు.

వెనక్కి ఇవ్వలేక ఆ 50తోనే నాలుగు నెలలు చేత్తో ఫోకస్ చేస్తూ తీశాను. ఫోకస్ కుదిరితే వ్యూఫైండర్ కింద ఒక చుక్క వెలుగుతుంది, దాన్నే చూస్తూ రింగు తిప్పేదాన్ని. మా అత్తగారు సూది పట్టుకుని కదలకుండా కూర్చుంటారు కాబట్టి ఆవిడ ఫోటోలు అద్భుతంగా వచ్చాయి. ఆవిడ వెనకున్న బీరువా, క్యాలెండర్, వైర్లు అన్నీ కరిగిపోయి మెత్తటి రంగుల్లా మారిపోయాయి. కాకపోతే ఇద్దరిని కలిపి తీయాలంటే నా వీపు గోడకి ఆనిపోయేది. డీఎక్స్ సెన్సర్ చిన్నది కాబట్టి 50 మీద 1.5 రెట్లు వేసుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 75 ఎంఎం ఎంత ఇరుకుగా చూస్తుందో ఇది అంతే ఇరుకుగా చూస్తుంది. ముఖం తీయడానికి బంగారం లాంటి లెన్సు. మా గదుల్లో మాత్రం అంత ఇరుకు చూపు కుదరదు.

ఆ దెబ్బతో బుద్ధి వచ్చి, మూడో లెన్సు కొనే ముందు ఒక పని చేశాను. కిట్ లెన్సు మీద 18, 24, 35, 45, 55 అని గుర్తులు ఉంటాయి. జూమ్ రింగుని 35 దగ్గర పెట్టి, కదలకుండా కాగితం టేపు అంటించేశాను. వారం రోజులు అలాగే తీశాను. దగ్గరగా కావాలంటే నేనే నడిచాను, ఎక్కువ పట్టాలంటే నేనే వెనక్కి జరిగాను. రెండు రోజులు చిరాకేసింది. మూడో రోజుకి, కెమెరా ఎత్తకముందే ఏది ఫ్రేములో పడుతుందో ఏది పడదో తెలిసిపోవడం మొదలైంది. దాంతోపాటు కంప్యూటర్‌లో పాత ఫోటోల వివరాలు తెరిచి ఏది ఏ ఫోకల్ లెంగ్త్‌లో, అంటే ఎన్ని ఎంఎం దగ్గర, తీశానో చూసుకున్నాను. నచ్చి దాచుకున్న ఫోటోల్లో ఎక్కువ భాగం 30కీ 40కీ మధ్యవే. 55 దగ్గరవి కొన్ని ఉన్నాయి. 18 దగ్గరవి దాదాపు అన్నీ గది మొత్తం పట్టాలని తీసి, తర్వాత మళ్ళీ చూడనివి.

అలా కొన్నది ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8జీ. 2009లో వచ్చిన లెన్సు, 200 గ్రాములు. బాడీతో కలిపితే 615 గ్రాములు, ఒక లావుపాటి పుస్తకం బరువు. 30 సెంటీమీటర్ల దగ్గరి దాకా ఫోకస్ చేస్తుంది. వ్యూ ఫుల్ ఫ్రేమ్‌లో 52 ఎంఎం లాంటిది, అంటే మామూలుగా కంటికి కనిపించినట్టే ఉంటుంది.

ఎఫ్/1.8 అంటే ఎంత తేడా అన్నది అంకెల్లో చెబితేనే అర్థమవుతుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8లో లోపలికి వచ్చే వెలుతురు దాదాపు 10 రెట్లు. అదే ట్యూబ్ లైటు కింద, అదే ఐఎస్ఓలో (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి), సెకనులో 15వ వంతు దగ్గర కూలబడిన షట్టర్ 150వ వంతుకి వెళ్తుంది. సోఫా మీంచి దూకిన మా వాడు మొదటిసారి గాల్లో ఆగాడు. జుట్టు నిక్కబొడుచుకుని, నోరు తెరుచుకుని, ఒక కాలికి మేజోడు లేకుండా. ఆ ఫోటో చూశాక 18-55ని డబ్బాలో పెట్టేశాను.

దీనికీ లోట్లు లేకపోలేదు. వీఆర్ లేదు. ఇంత వెడల్పుగా తెరుచుకునే లెన్సులన్నిటిలాగే, పూర్తిగా తెరిచినప్పుడు వెలుగుకి ఎదురుగా ఉన్న అంచుల్లో, ఫోకస్ దాటిన చోట ఊదా, ఆకుపచ్చ ఛాయలు తొంగిచూస్తాయి. ఎఫ్/2.8కి వస్తే చాలావరకు సర్దుకుంటుంది. అదీకాక ఎఫ్/1.8 రుచి మరిగినవాళ్ళు ప్రతిదీ అక్కడే తీస్తారు, నేనూ తీశాను. దగ్గర్నుంచి తీస్తే ఒక కన్ను స్పష్టంగా, రెండో కన్ను మసకగా వస్తుంది. ఇద్దరు మనుషులు ఉంటే ఎఫ్/2.8, నలుగురు ఉంటే ఎఫ్/4. ఇది నేను పాడైన ఫోటోలు చూసి చూసి పెట్టుకున్న లెక్క.

సెట్టింగులు కూడా చెప్పేస్తాను, ఎందుకంటే కొత్తవాళ్ళు ఇక్కడే భయపడి ఆటో మోడ్‌లో ఉండిపోతారు. ఆటోలో చీకటి పడగానే ఫ్లాష్ దానంతట అదే లేచి కూర్చుంటుంది, అందరి ముఖాలూ సున్నం కొట్టినట్టు వస్తాయి. డయల్ 'ఏ' మీద పెట్టి ఎపర్చర్ నేను చూసుకుంటాను. ఆటో ఐఎస్ఓ ఆన్ చేసి గరిష్ఠంగా 6400, షట్టర్ కనిష్ఠంగా సెకనులో 125వ వంతు అని మెనూలో ఒకసారి పెట్టేశాను. తర్వాత ఆ మెనూ తెరిచిన గుర్తు లేదు. 6400 దగ్గర ఫోటోలో కాస్త నలుసులు కనిపిస్తాయి. కదిలిపోయిన ఫోటో కంటే నలుసుల ఫోటో నయం.

నాలుగో లెన్సు 70-300, ఏఎఫ్-పీ రకం. డాబా మీదికి వచ్చే పక్షుల కోసం కొన్నాను. లెన్సు మంచిదే. బరువు 415 గ్రాములు, సరిగ్గా బాడీ అంత. పిట్ట గోడ మీద వాలుతుంది, నేను లోపలికి పరిగెత్తి లెన్సు మార్చుకుని వస్తాను, గోడ ఉంటుంది. నెలకోసారి కూడా వాడటం లేదు. పక్షులే మీ లోకమైతే అది వేరే సంగతి. అప్పుడు ఆ లెన్సే కెమెరాకి తగిలించి ఉండాలి.

మధ్యలో ఒకరి దగ్గర అరువు తెచ్చుకున్న వేరే కంపెనీ లెన్సు ఒకటి వాడి చూశాను. ప్రతి ఫోటోలోనూ ఫోకస్ కంటి మీద కాకుండా చెవి మీద పడింది. డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్ ద్వారా ఫోకస్ చేసేది సెన్సర్ కాదు, అడుగున ఉండే వేరే యూనిట్. ఆ రెండింటికీ లెన్సుతో పొత్తు కుదరకపోతే ఇలా ముందుకో వెనక్కో జరుగుతుంది. డీ7500 లాంటి వాటిలో మెనూలో సవరించుకోవచ్చు, డీ3500లో ఆ వీలు లేదు. ఏ లెన్సు కొన్నా, ముందు ఒకే వస్తువుని వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూలో, అంటే స్క్రీన్ చూస్తూ, ఒకసారి తీసి పోల్చుకోండి. లైవ్ వ్యూలో స్పష్టంగా వచ్చి, వ్యూఫైండర్‌తో రాకపోతే గుట్టు తెలిసిపోయినట్టే.

సెకండ్ హ్యాండ్ బాడీ అయితే ఆకాశాన్ని ఎఫ్/16 దగ్గర తీసి సెన్సర్ మీద దుమ్ము మచ్చలు ఉన్నాయేమో చూడండి. నికాన్ ఫోటో ఫైలులో షట్టర్ ఎన్నిసార్లు పడిందో రాసి ఉంటుంది, అదీ చూడండి. లెన్సులోకి టార్చి వేస్తే సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, అక్కడే వదిలేసి రండి.

"ఇంత గోల ఎందుకు పెద్దమ్మా, ఫోన్ లేదా?" అంది మా చెల్లెలి కూతురు ఇదంతా విని. కొంటానన్నది తనే, ఈ ప్రశ్న అడిగిందీ తనే. ఫోన్ నేనూ వాడతాను. రసీదులు, గ్రూప్ ఫోటోలు, వెలుతురున్న చోట ఏదైనా సరే ఫోనే. చీకటి గదిలో కదిలే పిల్లల దగ్గర ఇప్పటికీ తడబడుతుంది. ఇంకోటి, ఫోన్ ఎత్తితే మా అత్తగారు ఎవరో మాట్లాడుతున్నారనుకుని తల ఎత్తుతారు. కెమెరా ఎత్తితే పట్టించుకోరు. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల సంగతి కూడా అడిగింది. కెనాన్, నికాన్ 2018 నుంచి కొత్త మౌంట్లు పెట్టాయి, కొత్త లెన్సులు ఇప్పుడు వాటికే వస్తున్నాయి, అది నిజం. డబ్బు ధారాళంగా ఉంటే అటే వెళ్ళమన్నాను. లేదు, తక్కువలో నేర్చుకోవాలంటే జనం వదిలించుకుంటున్న డీఎస్ఎల్ఆర్‌లు మంచి బేరం. రేపు మారినా అడాప్టర్‌తో చాలా లెన్సులు పనికొస్తాయి. నా 50డీ లాంటివి మాత్రం పాత లెన్సుల్ని నికాన్ మిర్రర్‌లెస్‌కి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద కూడా చేత్తోనే ఫోకస్ చేయాలి. దాని జాతకం అంతే.

చివరికి మోడల్ పేరు చెప్పలేదు. నా డీ3500కి డబ్బాలోని 18-55 తగిలించి, టేపు చుట్టతో పాటు ఇచ్చి పంపాను. ఒక వారం 35 దగ్గర, ఒక వారం 24 దగ్గర అంటించి చూసి రమ్మన్నాను.

రెండు వారాల తర్వాత వచ్చింది. 35 తనకి ఇరుకట. హాస్టల్ గది, బస్సులో కిటికీ సీటు, ఎదురుగా కూర్చున్న స్నేహితురాళ్ళు, తన లోకం నాకంటే దగ్గరగా ఉంటుంది. 24 దగ్గర హాయిగా ఉందంది. ఇక్కడ నాకు చిక్కొచ్చింది. డీఎక్స్ డీఎస్ఎల్ఆర్‌ల కోసం నికాన్ అలాంటి చిన్న 24 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని లెన్సు) ఎప్పుడూ చేయలేదు. ఉన్న 24 ఎఫ్/1.8 ఫుల్ ఫ్రేమ్ కోసం చేసినది, 355 గ్రాములు. కెనాన్‌లో ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎం ఉంది. అప్పడంలా పల్చగా ఉంటుంది, 125 గ్రాములు, 16 సెంటీమీటర్ల దగ్గరి దాకా ఫోకస్ చేస్తుంది. ఎఫ్/2.8 కాబట్టి నా 35 అంత చీకటిని తట్టుకోలేదు. ఆ సంగతి కూడా చెప్పాను. పరవాలేదంది.

అలా లెన్సు ముందు తేలింది, దాన్నిబట్టి కెనాన్ అని తేలింది. కెనాన్‌లో తేలికైన బాడీ చూస్తే 200డీ మార్క్ 2. 449 గ్రాములు, ముందుకి తిరిగే టచ్ స్క్రీన్, మైకు సాకెట్. లైవ్ వ్యూలో, ఫుల్ హెచ్‌డీ వీడియోలో డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ (సెన్సరే ఫోకస్ చూసుకునే పద్ధతి) ముఖాన్ని పట్టుకుని వదలదు. వ్యూఫైండర్‌లో 9 పాయింట్లే, తనకి అదేమీ పట్టలేదు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంది. నేనే వెళ్ళి లెన్సులోకి టార్చి వేసి చూశాను.

నా 18-55 ఇంకా తిరిగి ఇవ్వలేదు. మొన్న వచ్చినప్పుడు అడిగితే బ్యాగులోంచి తీసి చూపించింది. టేపు 24 దగ్గర అలాగే ఉంది, అంచులు నల్లబడ్డాయి. నేలకి దగ్గరగా కెమెరా పెట్టి స్క్రీన్ పైకి తిప్పుకుని, పడుకోకుండానే మా పిల్లిని తీసింది. నేను పక్కనే బోర్లా పడుకుని ఉన్నాను.